కలప లెక్క మొద్దు దగ్గరే తేలాలి

కలప వ్యాపారంలో సరకు నాణ్యత తరువాత అంత విలువ గలది కాగితం. ఒకే చేవ, ఒకే చుట్టుకొలత గల రెండు టేకు దుంగలు అడితికి వచ్చినప్పుడు, రహదారి పర్మిట్టు, సుత్తి ముద్ర సక్రమంగా ఉన్నదానికి ఒక ధర, లేనిదానికి మరొక ధర. ఈ తేడాయే దొంగ కలపకు ఊపిరి. సక్రమంగా కొనే వర్తకుడు రైతుకిచ్చిన బయానాపై వడ్డీ కట్టుకొంటూ పర్మిట్టు కొరకు వేచి ఉంటాడు. తీరా సరకు పట్నం చేరేసరికి అదే కొలత దుంగ పక్క అడితిలో తక్కువకు పోయిందని వినవలసి వస్తున్నది.

దీనికి కారణం లంచాలని కొందరు, సిబ్బంది చాలకపోవడమని మరికొందరు అంటారు. రెండింటిలోనూ ఎంతో కొంత నిజం లేకపోలేదు. కాని అసలు లోపం తనిఖీ జరిగే చోటులో ఉన్నది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ తిరుముల్పాడ్ కేసులో సుప్రీంకోర్టు ఉత్తర్వులు వెలువడినది మొదలు సా మిల్లుల లైసెన్సులు బిగిశాయి. అడితిలో రిజిస్టర్లు చూస్తారు. చెక్‌పోస్టులో లారీ ఆపుతారు. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం అక్రమ కలపతోపాటు దానిని మోసిన లారీని కూడా జప్తు చేయవచ్చు. అంటే నిఘా బరువంతా వ్యాపారపు చివరి కొసమీద పడుతున్నది. చెట్టు కూలేచోట చూసేవారు లేరు. ఉన్నా ఒక్క బీటు గార్డు, అతనికి పది దిక్కుల పని.

పట్టా పొలంలో ఇరవై చెట్లకు అనుమతి తీసుకొని, గట్టు దాటి రిజర్వు అడవిలో మరికొన్ని పడగొట్టి, అన్నింటినీ ఆ పర్మిట్టు చాటునే తరలించడం ఈ రంగంలో ఎవరికీ తెలియని విద్య కాదు. దుంగ లారీ ఎక్కిన తరువాత అది ఏ మొద్దు మీది నుండి వచ్చిందో చెప్పగల మొనగాడు లేడు. మొద్దు దగ్గరైతే పశువుల కాపరి కూడా చెబుతాడు.

ఆ ఊరికి తెలిసిన ఈ సంగతిని ప్రభుత్వ కాగితం మీదికి తెచ్చే దారి పంచాయతీయే. ఇది కొత్త కోరిక కాదు. 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదకొండవ షెడ్యూలులో సామాజిక అడవులు, పొలాల్లో పెంచే చెట్లు, చిన్నతరహా అటవీ ఫలసాయం పంచాయతీల విషయాలుగానే ఉన్నాయి. ఏజెన్సీ ప్రాంతాల్లో 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు ఇంకా ఎక్కువే ఇచ్చింది. ఆచరణలో జరుగుతున్నది వేరు. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బ్రతికించే బాధ్యతను సర్పంచి, కార్యదర్శులపై మోపింది, తప్పితే చర్య తప్పదన్నది. మొక్క ఎండితే జవాబు చెప్పవలసిన మనిషిని, పెరిగిన చెట్టు కూలేటప్పుడు లెక్కకు పిలవకపోవడం విచిత్రమే. 2002 నాటి వాల్టా చట్టం కింద చెట్టు నరకడానికి అనుమతి తప్పనిసరి. ఆ దరఖాస్తు పొలం నుండి రేంజి కార్యాలయానికి వెళ్లి వచ్చే దారిలో గ్రామపంచాయతీ ఒక మజిలీగా లేదు.

సరుగుడు, సుబాబుల్, జామాయిల్ తోటల కర్రకు ఈ బాధ చాలావరకు లేదు. వాటి గొడవ ధరల గొడవ, అది వేరే ముచ్చట. ఇక్కడి మాట టేకు, మద్ది, నల్లమద్ది, వెదురు గురించి.

వెదురు విషయంలో ప్రాణహిత ఆవలి ఒడ్డున ఒక అనుభవం ఉంది. బల్లార్షా టేకు కొనే మన వర్తకులకు ఆ దిక్కు కొత్త కాదు. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా ధనోరా తాలూకాలో మెంఢా (లేఖా) అనే చిన్న గోండు గ్రామానికి 2006 అటవీ హక్కుల చట్టం కింద 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవిపై సామూహిక హక్కు దక్కింది. హక్కైతే వచ్చింది గాని, వెదురు తరలించడానికి పర్మిట్టు రాలేదు. చట్టంలో వెదురు చిన్నతరహా ఫలసాయమని రాసి ఉన్నా అటవీశాఖ దానిని కలప కిందనే లెక్కగట్టింది. చివరకు 2011 ఏప్రిల్ 27న అప్పటి కేంద్రమంత్రి జైరాం రమేశ్ సమక్షంలో రహదారి పాసుల పుస్తకం గ్రామసభ చేతికి వచ్చింది. 2012లో నిబంధనలు సవరించి, ఇటువంటి పర్మిట్లు గ్రామసభ కమిటీయే ఇవ్వవచ్చునని కేంద్రం తేల్చింది. వెదురు అమ్మే గ్రామసభ, పాసు రాసే గ్రామసభ ఒక్కటే కావడంతో కొనేవానికి తిరుగుడు తగ్గింది.

ఐతే ఆ పద్ధతిని ఉన్నది ఉన్నట్టు టేకుకు తగిలించరాదు. వెదురు పొద ఒక ఏడు ఎక్కువ కొట్టినా జాగ్రత్త పడితే కొన్నేళ్లకు తేరుకొంటుంది. ఇంటి వాసానికి పనికివచ్చే అడవి టేకు చేవ పట్టడానికి ఒక మనిషి జీవితకాలం పడుతుంది. పొరపాటు దిద్దుకొనే వీలు అక్కడ లేదు. అమ్మేవాడే పాసు రాయడం వెదురుకు సరిపోయింది, టేకుకు సరిపోదు. కనుక లెక్క పంచాయతీది, ముద్ర అటవీశాఖది కావాలి.

అంటే చేయవలసినది పెద్ద పనేమీ కాదు. పట్టాలో చెట్లకు దరఖాస్తు పడగానే నిలబడి ఉన్న చెట్లను పంచాయతీ కార్యదర్శి, బీటు గార్డు కలిసి లెక్కించి, చుట్టుకొలతలు రాసి ఆ జాబితాను పంచాయతీ కార్యాలయం గోడమీద అంటించాలి. కూల్చిన తరువాత మొద్దులు మళ్లీ లెక్కించాలి. ఈ రెండు లెక్కలూ కలిస్తేనే సుత్తి పడాలి. అడవి హద్దు దగ్గర తగవు వస్తే సర్వేయరు ఉండనే ఉన్నాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఏర్పడిన గ్రామ సచివాలయాల్లో ఆ ఉద్యోగానికి మనిషినే పెట్టారు. రెండు సంతకాలున్న సరకును దారిలో ఎన్నిసార్లు ఆపినా కొత్తగా తేలేది ఉండదు కనుక, చెక్‌పోస్టుల్లో దాని నిలుపుదల తగ్గించాలి. వర్తకుడు కోరవలసిన ప్రతిఫలం ఇదొక్కటే, ఇది న్యాయమైనదే.

దీనిపై అడితిదారుల్లో వినవచ్చే అనుమానం కొట్టిపారవేయదగినది కాదు. ఇదివరకు ఒక చోట చేయి తడిపితే చాలేది, ఇకపై రెండు చోట్లనా అన్నది వారి ప్రశ్న. పైగా కొన్ని ఊళ్లలో సర్పంచే కలప కాంట్రాక్టరు, లేదా కాంట్రాక్టరు బావమరిది. జాబితా గోడమీద ఉండాలనడం అందుకే. ఒక గదిలో ఇద్దరు కుమ్మక్కు కావడం తేలిక, గోడమీది అంకెను ఊరంతటి కంటపడకుండా మార్చడం అంత తేలిక కాదు. గడువు కూడా అంతే ముఖ్యం. లెక్కకు పంచాయతీకి ఇన్ని రోజులు, ముద్రకు రేంజికి ఇన్ని రోజులు అని రాయకపోతే కొత్త ఏర్పాటు పాత ఆలస్యానికి రెట్టింపవుతుంది. వర్తక సంఘాలు ముందుగా పట్టుపట్టవలసింది దీనిమీదనే.

2023 డిసెంబరులో కేంద్రం దేశవ్యాప్తంగా ఒకే కంప్యూటరు రహదారి పాసు పద్ధతిని ప్రారంభించింది. సరిహద్దులు దాటే సరకుకు ఇది మేలే. కాని యంత్రానికి ఇచ్చిన అంకెనే యంత్రం చెబుతుంది. ఇరవై చెట్లని తప్పుగా ఎక్కిస్తే పాసు మీది గళ్ల ముద్ర కూడా ఇరవై అనే సాక్ష్యం చెబుతుంది.

పోతే రుసుము సంగతి. లెక్కకు మనిషిని పంపే పంచాయతీకి కొంత ముట్టక తప్పదు, ఇవ్వడానికి వర్తకులు వెనుకాడరు కూడా. ఐతే అది లారీకి ఇంత అని ఉండరాదు. లోడు లెక్కన కడితే బండి మీద పరిమితికి మించి ఎక్కించాలనిపిస్తుంది, సన్న దుంగల రైతు నష్టపోతాడు. ఘనపుటడుగుకు ఇంత అని నిర్ణయించి, దరఖాస్తు వేసేటప్పుడు కాక మొద్దుల లెక్క ముగిసిన రోజున రసీదు మీద వసూలు చేస్తే, ఆ లెక్క త్వరగా ముగించాలనే ఆత్రం పంచాయతీకే ఉంటుంది.