నేరస్థుడెవరు? నేరమేది?

అపరాధ పరిశోధన కథలు ఆధునిక కాలంలో పుట్టినవని అనుకోవడం పరిపాటి. కాని క్రీస్తుపూర్వం అయిదవ శతాబ్దంలోనే గ్రీకు నాటకకర్త సోఫోక్లీజ్ ఒక పరిశోధకుణ్ణి రంగస్థలం మీద నిలిపాడు. తీబ్స్ నగరాన్ని మహమ్మారి పీడిస్తుంది. పూర్వపు రాజును చంపినవాణ్ణి కనిపెట్టి శిక్షిస్తే గాని ఆ పీడ విరగడ కాదని దైవవాణి పలుకుతుంది. రాజైన ఈడిపస్ ఒక్కొక్కరినే పిలిపించి ప్రశ్నిస్తాడు. ఆ ప్రశ్నల దారి చివరకు తన ముంగిటికే వచ్చి ఆగుతుంది. అయితే, ఒకరి దోషానికి ఊరంతా ఎందుకు అలమటించాలని ఆ నాటకంలో ఎవరూ నిలదీయరు.

2021లో వెలువడిన ఒక కంప్యూటర్ ఆట ఆ ప్రశ్నను నిలదీసింది. దాని పేరు ‘ది ఫర్‌గాటెన్ సిటీ’. విస్మృత నగరమని అర్థం. ఆస్ట్రేలియాకు చెందిన నిక్ పియర్స్ న్యాయవాద వృత్తిలో ఉంటూ, ‘స్కైరిమ్’ అనే ప్రసిద్ధమైన ఆటకు అనుబంధంగా 2015లో దీనిని మొదట రూపొందించాడు. మరుసటి ఏడే దాని రచనకు ఆస్ట్రేలియా రచయితల సంఘం పురస్కారం లభించింది. తరువాత ఆయన వృత్తిని విడిచి, కొద్దిమంది సహచరులతో దానిని స్వతంత్రమైన ఆటగా తిరిగి నిర్మించాడు. ఆటలంటే తుపాకుల మోత తప్ప మరేమీ కాదని భావించే పెద్దలు ఈ సంగతి గమనించవలసి ఉన్నది.

టైబర్ నదీతీరాన కళ్లు తెరచిన ఈనాటి మనిషి ఒకడు, శిథిలాలలోని ద్వారం దాటి రెండువేల ఏళ్ల వెనకటి రోమను నగరంలో పడతాడు. బయటకు దారిలేని ఆ నగరంలో ఇరవైమందికి అటూ ఇటూగా జనం. అక్కడ శాసనం ఒక్కటే: ఒక్కరు పాపం చేసినా అందరూ శిక్ష అనుభవించవలసిందే. నియమం భంగమైన క్షణాన బంగారు విగ్రహాలు ప్రాణం పోసుకొని బాణాలు సంధిస్తాయి. తగిలినవారు బంగారు బొమ్మలైపోతారు. ముట్టినదల్లా బంగారమయ్యే మిడాస్ వరం ఇక్కడ ఊరందరి నెత్తిన శాపమై కూర్చున్నదన్నమాట. ఆనాడు నియమం తప్పబోతున్నవారెవరో కనిపెట్టమని నగరాధికారి సెంటియస్ ఆటగాణ్ణి కోరతాడు. విఫలమైతే పరుగున పోయి ద్వారం దాటాలి. అదే ఉదయం మళ్లీ మొదలవుతుంది. ఊరివారికి ఏదీ గుర్తుండదు. ఆటగాడికి మాత్రం తెలిసినది తెలిసినట్టే ఉంటుంది. సంపాదించిన వస్తువులు కూడ చేతిలోనే ఉంటాయి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఇందులోని ఒక చిన్న సన్నివేశం. విషప్రభావంతో ఒక యువతి ప్రాణాపాయంలో ఉంటుంది. విరుగుడు ఒక వర్తకుడి దగ్గర ఉన్నది. అతడు దాని వెలను ఆకాశానికి ఎత్తుతాడు. అయినా విగ్రహాలు కదలవు. ఆమెను బ్రతికించడానికే అయినా ఎవరైనా దొంగతనానికి చేయి చాచారా, బాణాలు కురుస్తాయి! ఒకరి ప్రాణాన్ని బేరం పెట్టడం పాపం కాదు, దొంగతనం మాత్రం పాపం. ఇక్కడికి వచ్చేసరికి ఆటగాడు నేరస్థుణ్ణి వెదకడం మాని శాసనాన్నే విచారించడం మొదలుపెడతాడు. సాధారణమైన పరిశోధన కథలలో చట్టం స్థిరంగా ఉంటుంది. దానిని మీరినవాడు దొరికితే కథ ముగుస్తుంది. ఈ ఆటలో ముద్దాయి స్థానంలో చట్టమే నిలబడుతుంది. దీని గొప్పతనం ఇదేనని నా అభిప్రాయం.

మరొక చిక్కు కూడ ఉన్నది. దొంగిలించి ద్వారం దాటినవాడికి మరుసటి పర్యాయం ఆ వస్తువు చేతిలోనే ఉంటుంది. నేరం మాత్రం జరగనే లేదు. మరి చేసిన పాపం ఎక్కడికి పోయినట్టు? దీనికి నాకింకా తృప్తికరమైన సమాధానం దొరకలేదు.

గ్రీకు పురాణం ఇక్కడ కేవలం అలంకారం కాదు, అదే సాక్ష్యం. రోమనులు గ్రీకు దేవతలను పేర్లు మార్చి స్వీకరించారు. హేడీజ్ ప్లూటో అయినాడు, పెర్సెఫొనీ ప్రొసెర్పినా అయినది. ఆటలోనూ రోమను నగరం కింద గ్రీకు కట్టడాలు, వాటి కింద మరింత పురాతనమైనవి బయటపడతాయి. నదీతీరాన ఆటగాణ్ణి మొదట పలకరించే స్త్రీ పేరు కారెన్. మృతులను నది దాటించే గ్రీకు పడవవాడు కేరన్. మనకు వైతరణి ఉన్నట్టే వారికీ ఒక నది ఉన్నది. దాటింపు కూలికై శవం నోట నాణెం ఉంచేవారు. ఈ సంగతి ఎరిగినవాడికి తొలి నిమిషంలోనే ఒక ఆధారం దొరుకుతుంది.

లోపాలు లేవనను. ఒకచోట విల్లు పట్టి పోరాడే ఘట్టం అతికించినట్టున్నది. దేవతల రహస్యాన్ని చివర విజ్ఞాన కల్పనతో విప్పడం వల్ల పురాణపు గాంభీర్యం కొంత తగ్గింది. అయినా ఆ చివరి ఘట్టంలో ఆయుధం పనికిరాదు. శాసనకర్త అయిన ప్లూటో ఎదుట నిలిచి, ఏథెన్స్‌లో సోక్రటీస్ చేసినట్టు ప్రశ్న మీద ప్రశ్న వేసి, ఆ శాసనం అన్యాయమని అతడి చేతనే ఒప్పించాలి. ఈ ఆటకు నాలుగు ముగింపులున్నవి. మొదటిదానితోనే తృప్తిపడి లేచిపోవచ్చు. ప్లూటోను వాదనతో ఒప్పించేది మాత్రం నాల్గవదానిలోనే.