అట్టపెట్టెలో దొరకని ఓడ

ఓడల నమూనా కిట్లు కొని అతికించుకోవడం డబ్బున్నవాళ్ళ పిల్లల ఆట అని మనలో చాలామంది అభిప్రాయం. వ్యవసాయ కుటుంబంలో పుట్టిన నేను ఆ మాట ఒప్పుకోను. మా ఊళ్ళో వడ్రంగి మిగిలిన చెక్కముక్కలతో పిల్లలకి చిన్న నాగలి, చిన్న బండి చేసి ఇచ్చేవాడు. కాడి ఎక్కడ ఆనుతుందో, ఇరుసు ఎక్కడ అరుగుతుందో మాకు మొదట తెలిసింది వాటితోనే. పెద్ద వస్తువుని చేతిలోకి తెచ్చుకుని అర్థం చేసుకోవడమే నమూనా. అంతకంటే ఏమీ లేదు.

ఈ సంగతి ఎందుకంటే, మన విశాఖ చరిత్రలో చోటున్న ఒక డిస్ట్రాయరు కిట్టు కోసం ఏడాదిగా వెతుకుతున్నాను. దాని పేరు ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్. స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంకులో తయారై, 1942లో ‘రాథర్‌హామ్’ అన్న పేరుతో బ్రిటిష్ నౌకాదళంలో చేరింది. 1949లో మనకి వచ్చింది. 1971 డిసెంబరు 3-4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు బయట మునిగిపోయింది. రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీల వల్లనే మునిగిందని మన నౌకాదళం చెబుతుంది. తన మైన్లే పేలి మునిగిందని పాకిస్తాన్ వాదన. ఏ వాదన నిజమైనా, ఆ రాత్రి సంగతి రాజ్‌పుత్ పేరెత్తకుండా చెప్పలేం.

అంతటి ఓడని 1976లో విడగొట్టేశారు. బీచి రోడ్డులో కురుసుర జలాంతర్గామి 2002 నుంచి మ్యూజియంగా నిలబడి ఉంది. రాజ్‌పుత్‌ని చూద్దామంటే ఓడే లేదు. పైగా 2017లో వచ్చిన ‘ఘాజీ’ సినిమాలో ఘాజీని ముంచింది మన జలాంతర్గామి. సినిమా సినిమాయే, కాదనను. కానీ మా హాస్టల్లో అడిగి చూస్తే, “సబ్‌మెరైనే కదా ముంచింది!” అన్నవాళ్ళే ఎక్కువ. ఇదిగో ఈ ఓడ అని చూపించడానికి ఏమీ లేనప్పుడు తెరమీది బొమ్మే చరిత్ర అయి కూర్చుంటుంది.

మరి నాకు దొరికిన కిట్లు ఏవి? బ్రిటన్‌కి చెందిన ఎయిర్‌ఫిక్స్ వారి కోసాక్, కాంబెల్‌టౌన్. జపాన్‌కి చెందిన టామియా వారి అమెరికన్ ఫ్లెచర్. హాసెగావా వారి యుకికాజె. ఈ యుకికాజె కథ వినదగ్గది. రెండో ప్రపంచయుద్ధంలో బతికి బయటపడిన ఈ జపాన్ డిస్ట్రాయరుని 1947లో చైనాకి అప్పగించారు. పేరు మారింది, జెండా మారింది, చివరికి ముక్కలైంది. అచ్చం మన రాజ్‌పుత్ లాగే! అయినా జపాన్ కుర్రవాడు ఈనాటికీ దాన్ని తన బల్లమీద కట్టుకోగలడు.

ఇందులో కుట్ర ఏమీ లేదు. ప్లాస్టిక్ కిట్టుకి ఉక్కు అచ్చు చెక్కాలి, దానికి బోలెడు ఖర్చు. వేలకొద్దీ పెట్టెలు అమ్ముడుపోతేగాని గిట్టదు. గిట్టని పంట ఎవడూ వెయ్యడు. అడిగేవాళ్ళం మనం లేనప్పుడు మన ఓడకి అచ్చు ఎవరు పోస్తారు? కాబట్టి పైవాళ్ళ పెట్టె కోసం ఎదురుచూడడం మాని మనమే చేసుకోవాలి.

అదేమీ బ్రహ్మవిద్య కాదు. రాజ్‌పుత్ పొడవు 358 అడుగులు, అంటే సుమారు 109 మీటర్లు. 350వ వంతు స్కేలులో 31 సెంటీమీటర్లు, మన రికార్డు పుస్తకంలో గీతలు గీసే స్కేలంత. బరువు మాత్రం 350తో భాగిస్తే సరిపోదు, మూడుసార్లు భాగించాలి. 1,700 టన్నుల ఓడకి నమూనా బరువు 40 గ్రాములు, గుప్పెడు వేరుశనగ పలుకులంత! ఆ బరువు కుదిరితేనే నమూనా అసలు ఓడలాగే నీటిలో సరైన గీత దాకా మునుగుతుంది. కొండపల్లి బొమ్మలు చేసే పొణికి కర్ర తేలికైనది, ఓడ అడుగుభాగం చెక్కడానికి వీలైనది. నాలుగు ఫిరంగుల గొట్టాలని, ఒక్క పొగగొట్టాన్ని ఏటికొప్పాక చేతులు తరిణె మీద చిటికెలో తీస్తాయి. కొలతలు, లెక్కలు సైన్సు విద్యార్థులవి. సంగతులు సేకరించడం చరిత్ర విద్యార్థులది. తప్పులు దిద్దడానికి మన ఊళ్ళో రిటైరైన నావికులు ఎందరో ఉన్నారు.

విద్యార్థి సంఘం వార్షికోత్సవానికి చేసే ఖర్చులో కొంత ఇటు మళ్ళించమని నా మనవి. నమూనా పూర్తయ్యాక అద్దాల బీరువాలో పెట్టి తాళం వెయ్యొద్దు. పల్లెటూరి బడులకి తీసుకెళ్ళి, తొట్టి నీళ్ళలో వదిలి, పిల్లల చేతికివ్వాలి. ఆ పక్కనే ఘాజీ నమూనా కూడా ఉండాలి. అందులో పోయిన 90 మందికి పైగా నావికులు కూడా ఎవరో తల్లుల బిడ్డలే. గెలుపుతో పాటు దాని ఖరీదు కూడా చూపించినప్పుడే అది బొమ్మ కాక పాఠం అవుతుంది.