పోయేవాళ్ల మాట వినడమే ప్రేమ

మన ఊళ్లలో ఇంట్లో పెద్దాయన కొన ఊపిరితో ఉన్నాడంటే, మంచం చుట్టూ చేరినవాళ్లలో ఎవరో ఒకరు పంచాంగం తీస్తారు. ఇవాళ నక్షత్రం ఏమిటి? ధనిష్ఠ గానీ నడుస్తోందా? ధనిష్ఠ, శతభిషం, పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర, రేవతి ఈ అయిదింటిలో ప్రాణం పోతే ఇంటికి దోషమంటారు. నక్షత్రాన్ని బట్టి మూడు నెలలో ఆరు నెలలో ఇల్లు పాడుపెట్టాలంటారు. ఆ భయంతో మనిషిని మంచంతో సహా ఎత్తి వాకిట్లోకి తెస్తారు. వసారాలోనో, అరుగు మీదో, వేపచెట్టు కిందో పడుకోబెడతారు. ఏళ్ల తరబడి రెక్కలు ముక్కలు చేసుకుని కట్టుకున్న ఇంట్లోంచి, ఇంకా తెలివి ఉండగానే, తనను ఎందుకు మోసుకుపోతున్నారో తెలిసి మరీ ఆ మనిషి బయటికి వస్తాడు. ఆ సమయంలో ఆయన కళ్లలోకి చూసే ధైర్యం ఎవరికీ ఉండదు.

అద్దె ఇళ్లలో ఉండేవాళ్ల కష్టం ఇంకా పెద్దది. ఓనరు ముందే చెప్పేస్తాడు, జరగరానిది జరిగితే శవాన్ని లోపలికి తేవద్దని. హైదరాబాద్‌లో, విజయవాడలో ఎన్నో కుటుంబాలు ఈ మాట పడ్డాయి. బిడ్డను పోగొట్టుకున్న తల్లి వీధిలో కూర్చుని ఏడవాల్సి వస్తే, ఆ పాపం ఏ నక్షత్రానిది?

లెక్క చూద్దాం. చంద్రుడు ఇరవై ఏడు నక్షత్రాలనూ సుమారు 27 రోజుల్లో చుట్టి వస్తాడు. అందులో అయిదు నక్షత్రాలు దోషమైతే, లోకంలో జరిగే చావుల్లో దాదాపు అయిదో వంతు ఆ రోజుల్లోనే పడతాయి. గుంటూరు జనరల్ ఆస్పత్రిలో, విశాఖ కేజీహెచ్‌లో, హైదరాబాద్ గాంధీ ఆస్పత్రిలో ఏ నక్షత్రానికీ చావులు ఆగవు. ఆ వార్డులు ఎవరూ మూసెయ్యలేదు. అవే వార్డుల్లో తెల్లారి రోగులు కోలుకుని ఇళ్లకు వెళ్తున్నారు. దెయ్యాల కొంప అని పేరుపడిన ఇంట్లో నాస్తికోద్యమ నాయకుడు గోరా దంపతులు కాపురం పెట్టి, ఆ భయం ఉత్తదని చేసి చూపించారు. ఆ పని జరిగి తొంభై ఏళ్లు దాటుతున్నా, మనం ఇంకా నక్షత్రం చూసి కన్నతండ్రిని అరుగు మీదికి మోస్తున్నాం.

నేను హేతువాదిని. దేవుడి ఉనికి గురించిన వాదాల కంటే ఈ ప్రశ్నే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. మనిషి ఆఖరి రోజుల్లో అతన్ని ప్రేమించడమంటే ఏం చేయడం? పెళ్లి ప్రేమల గురించి మనకు బోలెడు సాహిత్యం ఉంది. ఈ ప్రేమ గురించి ఇంట్లో ఎవరూ నోరు విప్పరు. ఆ మౌనంలోకి నమ్మకాలూ ఆచారాలూ వచ్చి కూర్చున్నాయి.

వాటిలో అన్నిటికంటే క్రూరమైనది కర్మ సిద్ధాంతం. క్యాన్సర్ ఎముకల్లోకి పాకిన మనిషి రాత్రంతా అరుస్తుంటే, పక్కనున్నవాళ్లు పూర్వజన్మలో ఏం చేసుకున్నాడో, అనుభవించక తప్పదు అంటారు. నొప్పికి కారణం నరాల మీద కణితి ఒత్తిడి. దానికి మందు మార్ఫిన్. నోటితో వేసుకునే మార్ఫిన్ మాత్ర ఖరీదైనదేమీ కాదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద నానా లైసెన్సులు పెట్టడంతో ఆస్పత్రులు దాన్ని ఉంచడమే మానుకున్నాయి. 2014లో చట్టాన్ని సవరించి ఆ ముడులు కొంత విప్పారు. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో నొప్పి తగ్గించి సాంత్వన ఇచ్చే విభాగమే ప్రత్యేకంగా ఉంది. అయినా మార్ఫిన్ అనగానే అలవాటైపోతుందేమో అని భయపడే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. నెల రోజులు బతకని మనిషికి అలవాటు గురించి భయమెందుకు? నొప్పిని శిక్షగా చూసే అలవాటు మన బుర్రల్లో ఉండబట్టే, దాన్ని తీసేయాలన్న తొందర మనకు కలగడం లేదు. అయిదేళ్ల పిల్లకు కణితి వస్తే ఆ పిల్ల ఏ తప్పు చేసిందని అడిగే ధైర్యం కర్మవాదికి ఉండదు. అందుకే అతను తప్పును ఎవరూ చూడని జన్మలోకి నెట్టేస్తాడు.

ఇప్పుడు ఐసీయూ దగ్గరికి వద్దాం. మా దగ్గరి బంధువు ఒకాయనకు మెదడులో రక్తనాళం చిట్లింది. వెంటిలేటర్ మీద పెట్టారు. కొన్నాళ్లకు డాక్టర్లు ఇక లాభం లేదన్నారు. ఇంటికి తీసుకెళ్తామని, డాక్టరు సలహాకు వ్యతిరేకంగా మా ఇష్టంతోనే తీసుకెళ్తున్నామని కాయితం మీద పెద్దకొడుకు సంతకం పెట్టాడు. గుంటూరు నుంచి పల్నాటి పల్లెకు అంబులెన్సులో నేనూ వెళ్లాను. ఇరవై ఏళ్ల కుర్రాడొకడు తలవైపు కూర్చుని, గొట్టానికి తగిలించిన రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూనే ఉన్నాడు. స్పీడు బ్రేకర్లు వచ్చినప్పుడు ఇంకో చేత్తో తల పట్టుకునేవాడు. ఎక్కడిదాకా వచ్చారని ఊరి నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఇంటి ముందు చాప పరిచి, తల దక్షిణానికి పెట్టి పడుకోబెట్టారు. కుర్రాడు నొక్కడం ఆపకుండానే, "గొట్టం తీసేయమంటారాండీ?" అని అడిగాడు. కొడుకులు నేల చూశారు. కోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. చాలాసేపటికి ఒక పెద్దాయన, "దేవుడు పిలిచాడు నాయనా, ఇంక కానీ" అన్నాడు.

దేవుడు పిలవలేదు. ఆ నిర్ణయం పొద్దున బిల్లింగ్ కౌంటర్ దగ్గర, అప్పు పుట్టే దారులన్నీ మూసుకుపోయాక, నలుగురు మనుషులు తీసుకున్నది. ఆ నిర్ణయం తప్పని నేను అనను. కోలుకునే ఆశ లేని శరీరంలోకి గాలి ఎక్కించడం వైద్యం కాదు. నన్ను బాధపెట్టింది వేరే విషయం. దాన్ని నిర్ణయమని ఒప్పుకునే ధైర్యం మా ఎవరికీ లేకపోయింది. డాక్టరు కాయితం చాటున దాక్కున్నాడు. కొడుకులు దేవుడి చాటున దాక్కున్నారు. ఆఖరికి ఆ భారమంతా ముక్కూ మొహం తెలియని కుర్రాడి చేతుల మీద పడింది. ఆ కొడుకులు ఇప్పటికీ నాన్నను మేమే చంపామేమో అని లోపల కుమిలిపోతున్నారు. నమ్మకం వాళ్లకు ఆ పూట దాక్కునే చోటు ఇచ్చిందే గానీ, ఊరట ఇవ్వలేదు.

ఈ ధర్మసంకటం మనకు కొత్తదేమీ కాదు. 1928లో సబర్మతి ఆశ్రమంలో ఒక దూడకు తీరని జబ్బు చేసింది. ఒత్తిగిల్లలేక, తినలేక నరకయాతన పడుతోంది. గాంధీ అందరితో మాట్లాడి, డాక్టరును పిలిపించి, విషం ఇంజెక్షన్ ఇప్పించి దాని బాధ ముగించాడు. దేశమంతా గగ్గోలు పుట్టింది. గోహత్య అన్నారు, అహింస మంట కలిసిందన్నారు. ఆయన వెనక్కి తగ్గలేదు. తీర్చలేని బాధను చూస్తూ కూర్చోవడం అహింస కాదని పత్రికలో రాశాడు. తన బిడ్డకే పిచ్చికుక్క కాటు జబ్బు వచ్చి, వేరే దారి లేకపోతే అదే తన కర్తవ్యమవుతుందని కూడా అన్నాడు. గాంధీ నాస్తికుడు కాడు. నిర్ణయాన్ని మాత్రం దేవుడి మీదికి తోయలేదు, తన పేరు మీదే పెట్టుకున్నాడు. ఆయన నమ్మకాలతో నాకు తగాదాలున్నా, ఆ బాధ్యతకు నేను నమస్కరిస్తాను.

మనుషుల విషయానికి వస్తే ప్రశ్న ఇంకా చిక్కుపడుతుంది. ముంబయి కేఈఎం ఆస్పత్రి నర్సు అరుణా శాన్‌బాగ్ మీద 1973 నవంబరు 27న అక్కడి వార్డ్ బాయ్ దాడి చేసి, కుక్క గొలుసుతో గొంతు బిగించాడు. మెదడు దెబ్బతిన్న ఆమె నలభై ఏళ్లకు పైగా అదే ఆస్పత్రిలో, ఒక మంచం మీద ఉండిపోయింది. ఆమెకు విముక్తి ఇవ్వమని పాత్రికేయురాలు పింకీ విరానీ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆస్పత్రి నర్సులు వద్దన్నారు. తరాలు మారినా వాళ్లే ఆమెకు స్నానం చేయించారు, తినిపించారు, మా మనిషి అన్నారు. 2011 మార్చి 7న కోర్టు ఆ పిటిషన్‌ను తిరస్కరించింది. ఆమె తరఫున మాట్లాడే హక్కు నర్సులదేనంది. తీరని స్థితిలో ఉన్నవాళ్లకు ప్రాణాధార చికిత్స ఆపే వీలు మాత్రం, హైకోర్టు అనుమతితో, మొదటిసారి ఒప్పుకుంది. అరుణ 2015 మే 18న న్యుమోనియాతో కన్నుమూసింది.

ఇందులో ఎవరిది ప్రేమ? ఇద్దరిదీ. విరానీ ఆమె బాధను చూసింది. నర్సులు ఆమెను వదలలేదు. నేను ఎంత ఆలోచించినా నర్సులను తప్పుపట్టలేను. ఈ కథలో లేనిది ఒక్క అరుణ మాట. ఆమెకేం కావాలో చెప్పే అవకాశం ఆమెకు ఎప్పుడూ రాలేదు. అందుకే ఆ ప్రశ్న ఇప్పటికీ తేలలేదు.

హైదరాబాద్‌లో 2004లో దీనికి ఎదురు కథ జరిగింది. కండరాలు క్షీణించే జబ్బుతో ఉన్న పాతికేళ్ల చదరంగ క్రీడాకారుడు వెంకటేశ్ తన మాట స్పష్టంగా చెప్పాడు. అవయవాలు పాడవక ముందే తనను పోనివ్వమని, వాటితో నలుగురు బతకాలని కోరాడు. కన్నతల్లి ఆ కోరికను మోసుకుని హైకోర్టుకు వెళ్లింది. బ్రెయిన్‌డెత్ కాకుండా అవయవాలు తీయడానికి చట్టం ఒప్పుకోదు. కోర్టు కాదంది. డిసెంబరులో అతను చనిపోయాడు, కళ్లు మాత్రం దానం చేయగలిగారు. చట్టం ఆ గీత గీయడంలో అర్థముంది. బతికున్న మనిషి నుంచి అవయవాలు తీయనిస్తే ఆ దారిన పేదవాడి శరీరం సరుకైపోతుంది. కానీ ఆ తల్లిని రాతిగుండె మనిషి అన్నవాళ్లతో మాత్రం నేను ఒప్పుకోను. కొడుకును పోనివ్వమని అడగడానికి, ఉండిపొమ్మని ఏడవడానికి కావాల్సిన దానికంటే ఎక్కువ ప్రేమ కావాలి.

ఇక్కడ హేతువాది తనను తానే నిలదీసుకోవాలి. పోనివ్వడం అనే మాటను ఆస్తి కోసం కాచుకున్న కొడుకు వాడుకోడా? వైకల్యం ఉన్న మనిషిని, ముసలి విధవను, ఖర్చు ఎక్కువన్న ఒక్క కారణానికి వదిలించుకోరా? వాడుకుంటారు, వదిలించుకుంటారు కూడా. ఏ మనిషి జీవితం బతకదగినదో బయటివాళ్లు తేల్చడం అన్యాయం. అందుకే నా నియమం ఒకటే. ఆ మనిషి తెలివిగా ఉన్నప్పుడు చెప్పిన మాటే ప్రమాణం. అది లేనిచోట, స్వార్థం లేని డాక్టర్లు నలుగురి ఎదుట కారణాలు రాసి తీసుకున్న నిర్ణయం కావాలి. రహస్యంగా జరిగే దానికంటే బయటపడి జరిగే దానిలోనే బలహీనుడికి రక్షణ ఎక్కువ.

ఆ దారి ఇప్పుడు చట్టంలో ఉంది. 2018 మార్చి 9న అయిదుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం, గౌరవంగా మరణించడం 21వ అధికరణం ఇచ్చే హక్కులో భాగమేనని తేల్చింది. తనకు తెలివి తప్పి, కోలుకునే ఆశ లేని రోజు వస్తే ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టుకోవచ్చంది. మేజిస్ట్రేటు సంతకం కావాలన్న కష్టమైన షరతును 2023 జనవరి 24న సడలించారు. ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరిస్తే చాలు. తన తరఫున మాట్లాడాల్సిన మనుషుల పేర్లు అందులో రాయాలి. తర్వాత రెండు వైద్య బోర్డులు చూసి ఒప్పుకుంటేనే చికిత్స ఆపుతారు. విషమిచ్చి చంపడానికి ఈ తీర్పు ఒప్పుకోలేదు. ప్రకృతి సహజంగా వచ్చే చావును యంత్రాలతో అడ్డుకోవద్దని చెప్పే హక్కు మాత్రమే ఇచ్చింది.

ఇంత సులువైనా మన ఇళ్లలో ఆ కాయితం ఎవరు రాస్తున్నారు? రాద్దామంటే, అపశకునం మాటలు మాట్లాడకు, నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు. చావు మాటెత్తితే చావు వస్తుందన్న భయం అది. ఆ భయమే జబ్బు పేరును రోగి దగ్గర దాస్తుంది. రిపోర్టు చేతికి రాగానే కొడుకులు డాక్టరును పక్కకు పిలిచి, నాన్నకు చెప్పకండి, తట్టుకోలేడు అంటారు. ఆయనకు మాత్రం అన్నీ తెలుస్తూనే ఉంటాయి. మీరు తట్టుకోలేరని ఆయన నటిస్తాడు, ఆయన తట్టుకోలేడని మీరు నటిస్తారు. అప్పులు ఎవరికి ఉన్నాయో, చెల్లెలితో తెగిన మాట ఎలా కలుపుకోవాలో చెప్పాల్సిన రోజులన్నీ ఆ నటనలో కరిగిపోతాయి. నిజం దాచడాన్ని మనం ప్రేమ అనుకుంటున్నాం. అది ఆయన మిగిలిన జీవితాన్ని ఆయన చేతుల్లోంచి లాక్కోవడమే.

చనిపోయాక ఏం చేయాలన్నదీ ఇదే ప్రశ్న. కళ్లు ఇచ్చేస్తే వచ్చే జన్మలో గుడ్డివాడై పుడతాడని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. చితి మీద కాలిపోయే కళ్లు వచ్చే జన్మకు ఎలా చేరతాయో ఆ నమ్మకం చెప్పదు. ప్రమాదంలో బ్రెయిన్‌డెడ్ అయిన పిల్లాడి అవయవాలను జీవన్‌దాన్ అనే ప్రభుత్వ అవయవదాన పథకం ద్వారా ఇవ్వడానికి ఒప్పుకున్న తల్లిదండ్రులు, ఏ పురోహితుడూ ఇవ్వలేని జవాబు ఇచ్చారు. 2024 సెప్టెంబరులో కమ్యూనిస్టు నాయకుడు సీతారాం ఏచూరి దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కు ఇచ్చారు. మరుసటి నెలలో ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా కళ్లు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రికి, దేహం గాంధీ వైద్య కళాశాలకు వెళ్లాయి. కర్మకాండ జరగలేదని వాళ్ల మీద ప్రేమ ఎవరికీ తగ్గలేదు.

ప్రేమను దేవుడిచ్చిన వరమనో, ఏడేడు జన్మల బంధమనో చెప్పేవాళ్లు దాన్ని గొప్పచేస్తున్నామనుకుంటారు. నా దృష్టిలో ఈ ఒక్క జన్మే ఉంది కాబట్టే ప్రేమకు ఇంత విలువ. ఎదుటి మనిషి మళ్లీ పుట్టడు. నేను ఇవ్వాల్సిన ఊరట, చెప్పాల్సిన నిజం, వినాల్సిన మాట అన్నీ ఈ కొద్ది రోజుల్లోనే జరగాలి. నక్షత్రం మీదికీ, కర్మ మీదికీ, పైవాడి మీదికీ తోసేసిన ప్రతి నిర్ణయమూ ఆ మనిషికి మనం ఎగ్గొట్టిన బాకీయే. ఈసారి పిల్లలూ పెద్దలూ ఒకచోట చేరినప్పుడు అమ్మానాన్నలను సూటిగా అడగండి, ఆఖరి రోజుల్లో మీకేం కావాలి, ఏం వద్దని. వాళ్లు చెప్పింది రాయండి, సాక్షులతో సంతకం పెట్టించండి. తర్వాత మీ కాయితం మీరు రాయండి.