వెనక్కి తిప్పే గైడే గైడు

విదేశీ టూరు ప్యాకేజీల్లో ఈమధ్య కొత్త సరుకు వచ్చి చేరింది. తెల్లవారుజామున జీపులో తీసుకెళ్లి, పొగలు కక్కే అగ్నిపర్వతం అంచుదాకా నడిపించి, సాయంత్రానికి మళ్లీ బసకు చేర్చేస్తారట. బెంగళూరు, చెన్నై, పుణెల్లో కొలువులు చేసుకుంటున్న మన పిల్లల ఫోన్లకూ ఈ ప్రకటనలు వస్తున్నాయి. వెళ్లొద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. కట్టే డబ్బు దేనికో తెలిసి కట్టాలి కదా అన్నదే నా గొడవ.

చిలీ దేశం ఉత్తర కొసన, అటకామా ఎడారి పక్కన లాస్కార్ అనే అగ్నిపర్వతం ఉంది. ఎత్తు 5,592 మీటర్లు. యాత్రికులు బస చేసే శాన్ పెద్రో ఊరు దాదాపు 2,400 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడ బండెక్కితే దాదాపు 4,800 మీటర్లదాకా జీపే మోసుకుపోతుంది. ఒడిశాలోకెల్లా ఎత్తైన మన కొరాపుట్ దేవమాలి కొండ 1,672 మీటర్లు. అలాంటివి ఇంచుమించు మూడు ఒకదానిమీద ఒకటి పేర్చినంత ఎత్తుకి కాలు కదపకుండానే చేరిపోతామన్నమాట. అసలు తిప్పలన్నీ అక్కడే మొదలు.

మిగిలిన ఎక్కుడు ఏడెనిమిది వందల మీటర్లే. పడుచువాళ్లకు ఇదో లెక్కా అనిపిస్తుంది. కానీ 5,500 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదాంట్లో సగమే ఉంటుంది. పది అడుగులేస్తే ఆయాసం. తలనొప్పి, వికారం మామూలు. మాట తడబడుతున్నా, నడక తూలుతున్నా మాత్రం మెదడు వాచడం మొదలైందేమోనని అనుమానించాలి. అప్పుడు ముందు చేయాల్సింది కిందికి దిగడం. చిక్కేమిటంటే, తూలుతున్న మనిషికి తాను తూలుతున్నట్టు తెలియదు. ‘నాకేం కాలేదు, పదండి’ అంటాడు. అది కనిపెట్టి ఆపాల్సింది పక్కనున్న గైడే. పేరుకే ఇది ఒక్కరోజు యాత్ర. అంతకుముందు మూడు నాలుగు రోజులైనా ఎత్తు ప్రాంతంలో తిరిగి ఒంటిని అలవాటు చేసుకోకపోతే ఆ ఒక్కరోజూ దక్కదు.

ఇదంతా మన ఒంటి సంగతి. కొండ సంగతి వేరే ఉంది. లాస్కార్ 1993 ఏప్రిల్‌లో పేలితే బూడిద అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌దాకా వెళ్లి పడింది. 2022 డిసెంబరు 10న మళ్లీ కక్కింది. ఏమీ లేని రోజున కూడా బిలంలోంచి గంధకపు పొగ వస్తుంటుంది. గాలి ఇటు తిరిగితే ఆస్తమా ఉన్నవాళ్ల గతేమిటి?

మన దేశంలో బతికున్న అగ్నిపర్వతం అండమాన్‌లోని బారెన్ దీవి ఒక్కటే. దాన్ని ఓడలోంచి చూసి రావాల్సిందే, దీవిమీద కాలు పెట్టనివ్వరు. అందుకే ఈ కొండల గుణం మనవాళ్లకు అలవాటు లేదు. అలవాటున్న దేశాల్లోనే ఏం జరిగిందో చూడండి. జపాన్‌లో 3,067 మీటర్ల ఓంటాకే కొండ 2014 సెప్టెంబరు 27న, శనివారం మధ్యాహ్నం పన్నెండు కావొస్తుండగా పేలింది. ఆకులు రంగు మారే రోజులు కావడంతో కొండ నిండా జనం. 58 మంది చనిపోయారు, అయిదుగురి ఆచూకీ దొరకలేదు. ఆ రోజు హెచ్చరిక ఒకటో స్థాయి. అంటే అక్కడి వాతావరణ శాఖ భాషలో ‘సాధారణం’! రెండు వారాల ముందు భూకంపాలు పెరిగినా స్థాయి మారలేదు. మరుసటి ఏడాది ఆ మాట తీసేసి, ‘ఇది బతికున్న అగ్నిపర్వతమని గుర్తుంచుకోండి’ అనే అర్థం వచ్చేలా మార్చారు. మాట మారడానికి అన్ని ప్రాణాలు పోవాల్సి వచ్చింది.

ఇండొనేసియాది ఇంకో రకం. సుమత్రాలోని మరాపి కొండ పేలేనాటికి అక్కడ 2011 నుంచీ రెండో స్థాయి హెచ్చరిక ఉండేది. బిలానికి మూడు కిలోమీటర్లలోపు పోవద్దని అగ్నిపర్వతాల శాఖ చెబుతూనే ఉండేది. ఎక్కడానికి టికెట్లిచ్చే శాఖ మాత్రం వేరు. 2023 డిసెంబరు 3న పేలినప్పుడు కొండమీద నమోదైనవాళ్లే 75 మంది, చనిపోయింది 24 మంది. హెచ్చరించేది ఒకరు, టికెట్లమ్మేది ఇంకొకరు. మన ఆఫీసుల్లో ఈ వరస తెలియనిదెవరికి?

పోనీ గైడుంటే చాలా? చాలదు. న్యూజిలాండ్‌లో వాకారి అనే అగ్నిపర్వత దీవిమీద 2019 డిసెంబరు 9న గైడ్ల వెంట నడుస్తున్నవాళ్లలో 22 మంది పోయారు. అందులో ఇద్దరు గైడ్లే. అప్పటికి కొన్ని వారాల ముందే హెచ్చరిక స్థాయి పెంచారు. టూర్లు ఆగలేదు.

గైడుకు ఎన్ని సంగతులు తెలిసినా, ‘ఈరోజు వద్దు’ అనే అధికారం లేకపోతే ఏం లాభం? పైనేమో కంపెనీ, పక్కనేమో ‘ఇంత దూరం వచ్చాం, ఇంత కట్టాం’ అనే మనం. మధ్యలో ఆయన కూలి. అందుకే శాస్త్రవేత్తలు హెచ్చరిక పెంచిన రోజున టికెట్ దానంతటదే రద్దయ్యేలా చట్టం ఉండాలి. ఆ భారం గైడు నెత్తిన పెట్టకూడదు.

అంతదాకా మనం చేయగలిగిందీ కొంత ఉంది. వెనక్కి తిప్పితే డబ్బు వాపసిస్తారా అని అందరూ అడుగుతారు. దాంతోపాటు, మీ గైడు చివరిసారి ఎప్పుడు, ఎందుకు వెనక్కి తిప్పాడని అడగండి. గాలి ఎక్కువైందనో, ఒకరికి వాంతులైనాయనో, పొగ ఇటు మళ్లిందనో చెబితే ఆ కంపెనీతో మాట్లాడొచ్చు. ‘మావాళ్లు ఎప్పుడూ తిప్పలేదండీ, వందకు వందమందినీ ఎక్కించాం’ అంటే మాత్రం అడ్వాన్సు కట్టకండి.