సూర్యకాంతమును తిట్టుగా మార్చినవారము మనమే

గత ఉగాదికి మా ఊరి తెలుగువారు ఆడదలచిన నాటికకు పాత్రలు పంచుచుండగా, ప్లస్ టూ చదువుచున్న ఒక బాలిక గయ్యాళి అత్త వేషము తాను కట్టెదనని ముందుకు వచ్చెను. పెద్దలలో ఒకరు, "వద్దు తల్లీ! పెండ్లి కావలసిన పిల్లవు. రేపు అందరును నిన్ను సూర్యకాంతమనెదరు" అనిరి. కూర్చున్నవారందరు నవ్విరి. ఆ బాలిక తలవంచుకొని వెనుకకు పోయెను. వేషము తుదకు మీసము తీయించుకొన్న ఒక గుమాస్తాకు దక్కెను. నవ్వినవారిలో నేనును ఒకడను. ఇల్లు చేరిన పిదప ఆ నవ్వు నాకు ముల్లువలె గ్రుచ్చుకొనెను.

ఏ అపరాధము చేసినదని ఆమె పేరు మన నోట తిట్టయినది? సూర్యకాంతమ్మగారు 1924 అక్టోబరు 28న కాకినాడ చెంతనున్న వెంకటకృష్ణరాయపురమున జన్మించిరి. చిన్ననాటనే ఆటపాటలు నేర్చి, నాటకములాడి, మదరాసు చేరి, 1946లో 'నారద నారది' చిత్రమున చిన్న వేషముతో తెరకెక్కిరి. 1950లో ఎల్.వి. ప్రసాదుగారి 'సంసారం' వచ్చునాటికి ఆమెకు 26 ఏండ్లు. ఆ ప్రాయమున తక్కిన నటీమణులు కథానాయిక వేషమునకై ఎదురుచూతురు. ఈమె అత్తగారి పీటమీద కూర్చుండిరి. మరి దిగనిచ్చినవారు లేరు.

1962లో వచ్చిన 'గుండమ్మ కథ'నే చూడుడు. అందు అల్లుండ్రుగా నటించిన రామారావుగారు 1923 మే నెలలోను, నాగేశ్వరరావుగారు 1924 సెప్టెంబరులోను పుట్టినవారు. అనగా అత్తగారికంటె అల్లుండ్రిద్దరును పెద్దవారు! మన కంటికి ఎన్నడైన ఆ సంగతి తట్టినదా? తట్టకపోవుటయే ఆమె ప్రజ్ఞ. ఆ ఎడమచేతి విసురు, మాట చివర లాగుడు, ఎదుటివాడు బదులు చెప్పకముందే ముఖము త్రిప్పుకొనుట, ఇవి ఏ బడిలోను నేర్పునవి కావు. రామారావు, నాగేశ్వరరావు, రంగారావు, సావిత్రి, జమున నటించిన చిత్రమునకు నిర్మాతలైన నాగిరెడ్డి, చక్రపాణిగార్లు పెట్టిన పేరు ఎవరిది? గుండమ్మది. వ్యాపారము తెలిసిన వారిద్దరికి ఆమె విలువ తెలిసినది, మనకు తెలియలేదు.

పైగా గుండమ్మ క్రూరురాలు కాదు. నోరు పెద్దది, చెవులు మెత్తనివి. పొగడ్తకు లొంగును, చెప్పుడు మాటలకు చెడును. తుదకు ఛాయాదేవి పోషించిన దుర్గ చేతిలో చిక్కి, తాను బాధించిన సవతి కూతురి అండ కోరును. ఆ ఘట్టమున అంతవరకు నవ్వినవారే జాలిపడుదురు. నవ్వించిన ముఖముతోనే జాలి పుట్టించుట ఎంత కష్టమో, ఉగాది నాటికలలో ఒకమారు ముఖమునకు రంగు పూసుకొన్నవారిని అడుగుడు.

ఆమె పక్షమున మాటలాడువారు సైతము ఒక పొరపాటు చేయుదురు. "తెరమీదనే గయ్యాళి, ఇంటిలో వెన్నవంటి మనస్సు, షూటింగులకు వంటలు చేసి తెచ్చి అందరికి పెట్టెడివారు" అందురు. అది నిజమే కావచ్చును. కాని నటికి ఈ నడవడి పత్రమేల? రంగారావుగారు 'నర్తనశాల'లో కీచకుడైరి, 'భక్త ప్రహ్లాద'లో హిరణ్యకశిపుడైరి. వారు నిజముగా ఎంత సాధువులో విచారించి గదా మనము చప్పట్లు కొట్టలేదు! కోపిష్ఠి మగవానిని ఎవరైనను "ఎస్వీ రంగారావు" అని తిట్టిరా? మగవాడు నటించినచో కళ, ఆడది నటించినచో గుణము. ఇదియే మన తూనిక.

ప్రభుత్వముల తూనికయు ఇంతకంటె మేలుగా లేదు. రేలంగిగారికి 1970లో, అల్లు రామలింగయ్యగారికి 1990లో, బ్రహ్మానందముగారికి 2009లో పద్మశ్రీ వచ్చినది, తగినవారికే వచ్చినది. 1994 డిసెంబరులో కన్నుమూసిన సూర్యకాంతమ్మగారికి రాలేదు. పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరేటు ఇచ్చి కొంత పరువు నిలిపినది.

గయ్యాళి అత్త పాత్రలు స్త్రీజాతిని కించపరచినవని నేటి చదువుకొన్న ఆడపడుచులు అనుచున్నారు. ఇందు సత్యము లేకపోలేదు. ఒకే అచ్చులో పోసిన పాత్రలను ఏండ్ల తరబడి ఆమెకు చుట్టబెట్టిన రచయితల సోమరితనమును నేనును క్షమింపను. అయినను ఆ అచ్చును దాటి 'మాయాబజార్'లో హిడింబియై, కొడుకు ఘటోత్కచునికి ముద్దుగా సుద్దులు చెప్పినదియు ఆమెయే గదా!

ఇదంతయు మదరాసు సంగతి, కోరాపుటు రాయగడల వారికేమి యందురా? 1936లో మన ప్రాంతము ఒడిశాలో చేరినది. మన పిల్లలలో పెక్కుమంది బడిలో చదువునది ఒడియా, ఇంగ్లీషు. ప్రతి సంచికలోను జయపురము మహారాజు విక్రమదేవవర్మగారు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు చేసిన దానమును స్మరింతుము, న్యాయమే. కాని పిల్లల నాలుకపై తెలుగు నిలుచునది దానశాసనములచేత కాదు, వంటింటిలోను వీధి అరుగుమీదను దొరలు మాటలచేత. సామెత, ఎత్తిపొడుపు, దెప్పు, వెటకారము, ఇవి చిరకాలముగా ఆడవారి సొత్తు. గురజాడవారు చీపురు పట్టిన పూటకూళ్లమ్మ నోట ఆ తెలుగునే పలికించిరి. సూర్యకాంతమ్మగారు దానినే తెరకెక్కించిరి. నోరు విప్పి అట్టి తెలుగు పలుకబోయిన పిల్లను ఆమె పేరుతోనే నోరు మూయించి, మరల అదే వేదికపై "మన భాష అంతరించుచున్నది" అని ఉపన్యసించుట ఏమి న్యాయము?

ఈ ఏటి నాటిక వ్రాతప్రతి నా చేతనే ఉన్నది. పాత్రల పట్టికలో అత్త పేరుకెదురుగా ఎవరి పేరును వ్రాయలేదు. ఆనాడు నవ్వినవారిలో ఇద్దరము ఆ బాలిక ఇంటికి పోయి అడుగవలెనని అనుకొన్నాము. రెండవవారింకను తీరిక చేసుకొనలేదు. ఈ ఆదివారము నేనొక్కడనే పోయెదను.