దానము ఒకరిది, పోషణ ఎవరిది?

1958 మార్చి 1వ తేదీన ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ జంషెడ్‌పూర్‌లో జూబిలీ పార్కును ప్రారంభించిరి. ఉక్కు కర్మాగార స్వర్ణోత్సవ సందర్భమున టాటా కంపెనీ నగర ప్రజలకు ఇచ్చిన కానుకగా, రెండువందల ఎకరములకు పైబడిన ఆ వనము ప్రసిద్ధి కెక్కినది. అదే దినమున మన తపాలా శాఖ ఉక్కు పరిశ్రమ స్వర్ణోత్సవమునకు 15 నయాపైసల స్మారక బిళ్లను వెలువరించినది.

ఆ వనమును నిందించుట మా ఉద్దేశము కాదు. పొగగొట్టముల చెంత పెరుగు కార్మికుని బిడ్డకు చెట్టు నీడ లభించుట మేలే. అయితే కానుక అను మాటను కార్మికోద్యమము రెండు వైపుల నుండి చూడవలసియున్నది.

మొదటిది, ఆ కానుకకు మూలధనము ఎక్కడిది? ఏబది ఏండ్ల లాభములలో కొలుముల ఎదుట నిలిచిన వేలాది కార్మికుల చెమట కలదు. తెలుగుసీమ నుండి వలస వచ్చినవారి చెమటయు అందు కలదు. నగర భూమి సైతము ప్రభుత్వము వలన కంపెనీకి కౌలుగా దక్కినది. 2005లో పునరుద్ధరింపబడిన ఆ కౌలు 1996 జనవరి 1 నుండి 30 ఏండ్లకు వర్తించినది. కావున దాతల వరుసలో కార్మికుల పేరు, ప్రజల పేరు కూడ ఉండదగినవే.

రెండవది, పోషణ. ప్రారంభోత్సవము ఒక్క దినము. కాపలా, పారిశుధ్యము, నీరు, దీపములు, కప్పు మరమ్మతు ఏండ్ల తరబడి. అమెరికాలో ఆండ్రూ కార్నెగీ గ్రంథాలయ భవనములకు విరాళమిచ్చునప్పుడు, స్థలమును పట్టణమే సమకూర్చవలెననియు, ఇచ్చిన మొత్తములో పదవ వంతును ఏటేట నిర్వహణకు వెచ్చించవలెననియు షరతు విధించుచుండెను. అనగా పదేండ్లలో ప్రజల ఖర్చు దానముతో సమానమగును. పిదప ప్రజలే పెద్ద దాతలు. అయినను గోడపై పేరు ఒక్కరిదే. ఆ పద్ధతిలో ఒక సుగుణము మాత్రము కలదు: లెక్క ముందే తేలియుండెను.

మన దేశమున 2013 నాటి కంపెనీల చట్టము 135వ సెక్షను ప్రకారము నిర్ణీత పరిమితి దాటిన కంపెనీలు గత మూడేండ్ల సగటు నికర లాభములో కనీసము 2 శాతము సామాజిక బాధ్యతకు వెచ్చించవలెను. 2021లో సవరించిన నిబంధనలు కొనసాగు పథకమునకు, ఆరంభ సంవత్సరము గాక, మూడేండ్లకు మించని గడువు పెట్టినవి. ఆ నిధులతో ఏర్పడిన ఆస్తి ధర్మసంస్థకో, లబ్ధిదారుల సంఘమునకో, ప్రభుత్వ సంస్థకో చెందవలెను. మంచిదే. కాని గడువు ముగిసిన పిమ్మట కాపలాదారు జీతము ఎవరు చెల్లింతురు? ఆస్తి చేతులు మారును, ఖర్చు చేతులు మారును, నిధి మాత్రము కదలదు. అప్పుడు జరుగునది మనకు తెలిసినదే: ఖాళీలు నింపరు, పనిని కాంట్రాక్టరుకు అప్పగింతురు, గేటువద్ద టిక్కెట్టు పెట్టుదురు. దానపు భారమును తోటమాలి తక్కువ కూలి రూపమున, పేదబిడ్డ టిక్కెట్టు రూపమున మోయుదురు. ఏనుగును ఇచ్చి అంకుశమునకు తగవులాడుట యనగా ఇదియే.

జంషెడ్‌పూర్‌లో కంపెనీయే, తన అనుబంధ సంస్థ ద్వారా, పట్టణ సేవలు నడుపుచున్నది. ఇక ప్రజలకేమి కొరత యని కొందరు అడుగుదురు. కొరత గొంతునకు. 2023 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గము ఈ నగరమును పారిశ్రామిక పట్టణముగా ఆమోదించినది. ఓటుతో ఎన్నికైన కార్పొరేషను లేనిచోట గేటు వేళలను, రుసుమును, కూలి రేట్లను గూర్చి పౌరుడు ప్రశ్నించుటకు తగిన సభ ఏది? దయతో లభించినది దయ తప్పిన నాడు పోవును; హక్కుగా లభించినదే నిలుచును.

బాలల బహిరంగ విద్య సంగతియు ఇట్టిదే. 1984లో నెలకొనిన టాటా స్టీల్ సాహస సంస్థను, అదే ఏట ఎవరెస్టు నధిరోహించిన ప్రథమ భారత మహిళ బచేంద్రీ పాల్ చిరకాలము నడిపిరి. అది ఆదర్శప్రాయమే. దాల్మా కొండ ఎవరిని డబ్బడుగదు. కాని కొండకు తీసికొనిపోవు శిక్షకునికి జీతము, పిల్లలకు బండి, త్రాడు, ప్రథమ చికిత్స కావలెను. భవనముపై దాత పేరు చెక్కవచ్చును గనుక భవనములకు దాతలు దొరకుదురు. శిక్షకుని జీతముపై పేరు చెక్కుటకు వీలులేదు గనుక దాతలు దొరకరు. టాటానగర్ స్టేషను సమీపమున బాగ్‌బేరా, పర్సూడీ ప్రాంతముల పిల్లలకు కావలసినది క్రొత్త శిలాఫలకము కాదు, వారమునకొకనాడు వచ్చు శిక్షకుడు.

కావున మన డిమాండ్లు ఇవి:

1. దాన భవనమును స్వీకరించుటకు ముందే కనీసము 20 ఏండ్ల నిర్వహణ వ్యయమును లెక్కించి ప్రకటించవలెను. దానికి దాత మూలనిధి జమచేయవలెను.

2. నిత్యావసరమైన పనికి శాశ్వత ఉద్యోగులను న్యాయమైన వేతనముపై నియమించవలెను.

3. పాఠశాల బాలబాలికలకు ప్రవేశము, శిక్షణ ఉచితముగా ఉండవలెను.

4. పర్యవేక్షక సంఘమున కార్మిక సంఘములకు, పౌరులకు స్థానముండవలెను.

మన కాలనీలలో, మన ఇన్‌స్టిట్యూట్లలో రేపు ఎవరైన భవనము కట్టించి ఇచ్చెదమని వచ్చినచో శాఖా కార్యదర్శులు పూలదండతో పాటు ఈ నాలుగు ప్రశ్నలను కూడ సిద్ధముగా ఉంచుకొనవలెను. దాతకు నమస్కరింతము, లెక్క మాత్రము అడుగుదము.