లెక్కల సారుకి తోడెవరు?

"ఏజెన్సీ పిల్లలకు లెక్కలు రావు, సైన్స్ బుర్రకెక్కదు." ఈ మాట మీరూ వినే ఉంటారు. పదో తరగతి ఫలితాలు వచ్చాక కొందరు పిల్లల్ని తిడతారు, కొందరు సార్లను తిడతారు. ఆ సారుకి తోడెవరున్నారని మాత్రం ఎవరూ అడగరు.

ఒక ఉదాహరణ చూడండి. సీతంపేట ఏజెన్సీలో సవరలున్నారు. సవర భాషలో పన్నెండు దాకా అంకెలకు విడి పేర్లున్నాయి. పదమూడంటే 'పన్నెండూ ఒకటి'. పందొమ్మిదంటే 'పన్నెండూ ఏడు'. ఆ పైన ఇరవైల లెక్క. ముప్పై మూడంటే 'ఇరవై, పన్నెండు, ఒకటి'. బడి పుస్తకమేమో మూడు పదులు, మూడు ఒకట్లు అంటుంది. ఇంట్లో పెద్దల లెక్క విన్న బిడ్డ స్థానవిలువల దగ్గర తడబడితే అది మొద్దుతనమా? రెండు లెక్కల మధ్య నిలబడ్డ బిడ్డ అది. మైదానం నుంచి వచ్చిన సారుకి ఈ సంగతి ఎవరు చెప్పారు?

తన తరగతిని తనే పరిశీలిస్తే తెలుస్తుంది. పిల్లలు ఎక్కడ తప్పుతున్నారో రాసుకోవాలి. ఎందుకో పిల్లల్నీ, ఊరి పెద్దల్నీ అడగాలి. చింతపిక్కలతో పన్నెండేసి, పదేసి కుప్పలు పెట్టించి పాఠం మార్చి చెప్పాలి. నెల తర్వాత మళ్లీ చూడాలి. దీన్నే యాక్షన్ రీసెర్చ్ అంటారు. పేరే పెద్దది, పని ఇదే. సైన్సూ అంతే. జీలుగు కల్లు పొద్దెక్కేకొద్దీ పులవడం చూసిన పిల్లలకు కిణ్వనం పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

కానీ ఒక్కడే కనిపెట్టింది ఆయన బదిలీతోనే పోతుంది. అందుకే సార్లు కలవాలి. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 బడులతో ఒక సైన్స్ కార్యక్రమం మొదలైంది. సర్కారు బడి టీచర్లే నెలనెలా కూర్చుని ఏ ప్రయోగం కుదిరింది, పిల్లలేం అడిగారు అని మాట్లాడుకునేవాళ్లు. ముప్పై ఏళ్లు నడిచాక 2002లో అక్కడి ప్రభుత్వం దాన్ని మూసేసింది. మనకు రెండు పాఠాలు. సర్కారు బడి సార్లతోనే ఈ పని అవుతుంది. సర్కారు దయ మీదే వదిలేస్తే నిలవదు.

ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో 3ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ హక్కు కోసం పోరాటం ఆగకూడదు. అయితే పోస్టు మనోళ్లకొచ్చినా, కొండ మీద బడిలో ఒంటరిగా వదిలేస్తే వాళ్లూ గైడు చూసే పాఠం చెప్తారు.

కాబట్టి మనం అడగాల్సినవి ఇవి. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఒక పూట సర్క్యులర్లు, రిపోర్టులు లేకుండా లెక్కల, సైన్స్ పాఠాలకే ఇవ్వాలి. భాష తెలిసిన ఊరి మనిషిని గౌరవవేతనంతో కూర్చోబెట్టాలి. సార్ల దారిఖర్చులు ఐటీడీఏ భరించాలి. సీతంపేటలో తేలింది పాడేరుకు, ఉట్నూరులో తేలింది భద్రాచలానికి చేరాలి.

మీరు చేయగలిగిందీ ఉంది. మీ అవ్వ, తాత అంకెలు ఎలా లెక్కపెడతారో, కొలతలకు ఏ మాటలు వాడతారో ఫోన్లో రికార్డు చేయండి. బడికెళ్లి సారుకి వినిపించండి. తనిఖీకి వచ్చినట్టు కాదు, తోడొచ్చినట్టు వెళ్లండి. పాఠశాల కమిటీలో ఈ డిమాండ్లు పెట్టండి. మన పిల్లలకు లెక్క రాదన్నోళ్లకు, మనకు రెండు లెక్కలొచ్చని చూపిద్దాం.